గోడ మీది కాగితం

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, అన్నయ్య సవేరియో, నేను ఉన్నాం. చీకటి పడ్డాక అన్నయ్య టీవీలో మాఫియా వీడియో ఆట పెట్టుకున్నాడు. ఆటలోని గోడ మీద, ఇటలీలోని మా కలాబ్రియా ఊళ్లలో లాగే, చావు కబురు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకదాని జిగురు ఇంకా కారుతోంది. దాని మీద అన్నయ్య పేరు, రేపటి తేదీ ఉన్నాయి. దుఃఖిస్తున్నవారు అన్నచోట నాన్నమ్మ పేరు, నా పేరు.

"నీ డైరీలో నా మీద రాసే రాతలు చాలక ఇందులో కూడా రాశావా?" అన్నాడు నవ్వుతూ.

"నాకు ఆ ఆట పెట్టడమే రాదన్నయ్యా."

అతని నవ్వు ఆగిపోయింది. తెరమీద ఒక కారు ఆ గోడ పక్కన ఆగింది. అదే క్షణంలో మా వాకిట్లో నిజంగానే కారు హారన్ మోగింది.

"వెళ్లకన్నయ్యా."

"నేను వెళ్లకపోతే ఆ కారులోవాళ్లే లోపలికొస్తారే పిచ్చిదానా. నాన్నమ్మను లేపకు" అని, బయటికి వెళ్లి నా మొహం మీదే తలుపు వేశాడు.