పెళ్లికూతురు ఎక్కించిన సీసా

"మీ నాన్న మెట్ల మీద కూలబడ్డాడు. కోటు నిండా సోజు సారా కంపు," అన్నాడు మేనమామ గీచోల్, పెళ్లికూతురి గదిలోకి తల దూర్చి.

హేరాన్ చేతిలోంచి పూలగుత్తి జారిపోయింది. రెండేళ్లుగా నాన్న దొక్బే చుక్క ముట్టలేదు. ముట్టిన రోజున నన్ను పెళ్లివేదికదాకా నడిపించేది నువ్వు కాదు, మామయ్యే అని ఆమె అప్పట్లో తెగేసి చెప్పింది. ఈ రోజే దొరికిందా ఈ మనిషికి! పెళ్లికి ఇంకా అరగంటే ఉంది.

గౌను ఎత్తిపట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తింది. నాన్నకి ఒళ్లంతా చెమటలు. మాట ముద్దముద్దగా వస్తోంది. కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వెవరమ్మా?" అన్నాడు. చుట్టాలు మొహాలు తిప్పుకున్నారు. సమ్చన్పో రేవులో ఆయన తాగుడు తెలియనిదెవరికి? ఇరవై ఏళ్లపాటు చేపల పడవ దిగీదిగగానే సీసా పట్టిన మనిషి.

పెళ్లి హాలు కింది అంతస్తులోనే ఆసుపత్రి. హేరాన్ అక్కడ ఐదేళ్లుగా నర్సు. తాగి పడినవాళ్లని మోసుకొచ్చి గ్లూకోజ్ పెట్టమనడం ఆ ఊళ్లో మామూలే, వాళ్లకి సీసాలు తగిలించీ తగిలించీ ఆమెకి విసుగొచ్చింది. ఇవాళ మామయ్యా పెళ్లికొడుకూ కలిసి నాన్ననే మోసుకొచ్చారు. గౌను పట్టు చేతులు పైకి మడుచుకుని, గ్లూకోజ్ సీసా తగిలించి సూది అందుకుంది. ఒక్క పోటుకే నరం దొరికింది. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

డాక్టర్ నామ్ ఆమెను పక్కకి జరిపి, మిగతాది తాను చూసుకుంటానని, పైకెళ్లి మొహం కడుక్కోమని చెప్పాడు.

పైన మామయ్య అప్పటికే టై బిగించుకుని తయారుగా ఉన్నాడు. సంగీతం మొదలయ్యే వేళకి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నాన్న! జుట్టు తడిపి దువ్వుకున్నాడు, మోచేతి మీద దూది ఉంది. అడుగు తడబడలేదు.

"తాగలేదే తల్లీ. పడవవాళ్లు బలవంతం చేస్తే గ్లాసు తోసేశా, కోటు మీద ఒలికింది."

"ప్రతి తాగుబోతుదీ ఇదే పాట, బావా," అన్నాడు గీచోల్.

హేరానూ నమ్మలేదు. ఇలాంటివి చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. కానీ తాగితే మర్నాటిదాకా లేవని మనిషి, తన కోసం అరగంటలో లేచి నిలబడ్డాడు. ఆమెకి అది చాలు.

"మామయ్యా, నువ్వెళ్లి కూర్చో," అంది. నాన్న చేతిలో చెయ్యి వేసింది.

తలుపులు తెరుచుకున్నాయి. గుసగుసలాడిన నోళ్లే మూతపడ్డాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, క్షణంలో హాలంతా మార్మోగిపోయింది. దొక్బే ఊరందరి కళ్లముందూ తల ఎత్తుకుని, ఒక్క అడుగు కూడా తప్పకుండా కూతుర్ని వేదికదాకా నడిపించాడు. హేరాన్‌కి గుండె నిండిపోయింది. తాగినా సరే, ఈయన మా నాన్న అనుకుంది.

ఫోటోల దగ్గర డాక్టర్ నామ్ ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నిన్ను పైకి పంపాకే తెలిసింది. ఆయన పోయిన నెల నుంచి నీకు తెలియకుండా పక్క ఊళ్లో షుగర్ మాత్రలు రాయించుకుని వేసుకుంటున్నాడట. పెళ్లి హడావుడిలో పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదు. వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర ముప్పై ఒకటి, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. ఆయన్ని లేపింది నువ్వు పెట్టిన గ్లూకోజే.

మీ నాన్న తాగలేదు, హేరాన్."