దూదికీ మసికీ వైద్యం

"ఏమ్మా, మీ వెనకాల ఎవరైనా రంపంతో కోస్తున్నారా?" అని అడిగాడు ఫోనులో అవతలి మనిషి.

"లేదండీ, లైన్లో ఏదో తేడా," అంది కోడలు, గోడకేసి చూసి పళ్ళు కొరుకుతూ.

ఆమె ఇంట్లోంచే బీమా కంపెనీ వాళ్ళ ఫోన్లు మాట్లాడుతుంది. ఆ కరకర గురించి ఇప్పటికి రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. మూడోది వస్తే ఇక పనిలోకి రానక్కర్లేదని పై అధికారిణి ఎంతో మర్యాదగా చెప్పింది.

గోడ అవతల అత్తగారి గది. అందులో ఒక మంచం, ఒక కుర్చీ, అత్తగారు, పంజరంలో రెండు కుందేళ్ళు. తెల్లది దూది, నల్లది మసి. మనవరాలు ముచ్చటపడి తెప్పించుకుంది. హాల్లో పెడితే సోఫాకి వాసన పడుతుందన్నారు, పడగ్గదిలో పెడితే కొడుక్కి తుమ్ములన్నారు. అత్తగారి ముక్కు సంగతి ఎవరూ అడగలేదు గనక పంజరం అక్కడికి చేరింది.

ఫోను పెట్టేసి కోడలు విసవిసా ఆ గదిలోకి వెళ్ళింది. కుందేళ్ళు రెండూ నంగనాచుల్లా మూల ముడుచుక్కూర్చున్నాయి.

"ఇప్పుడే ఆపాయమ్మాయ్. నీ అడుగుల చప్పుడంటే వాటికి హడలు," అంది అత్తగారు. "ఎలాగూ వచ్చావు, కాసేపు కూర్చో."

"కూర్చుంటే నా ఉద్యోగం లేచిపోతుంది అత్తయ్యా."

సాయంత్రం మొగుడొచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. "పన్నెండంతస్తుల లిఫ్టు నా మాట వింటుంది. గుప్పెడు లేని జంతువులు వినవా?" అని ఫోనులో వెతికి, పంజరం ఊచలకి కాకరకాయ రసం పూయమన్నాడు. పూశారు. మర్నాడు కరకర రెట్టింపైంది.

"చేదు వాటికి అలవాటైపోయినట్టుంది," అని తేల్చాడు.

"మీతో కాపురం చేసి నాకు అవలేదూ," అంది కోడలు.

తర్వాత జామకొమ్మలు తెచ్చి పడేశాడు. కుందేళ్ళు వాటిని శుభ్రంగా నమిలేశాయి, కరకర మాత్రం ఆగలేదు. ఆ పైన ఏనుగుని కట్టేసినా ఆగేటంత లావు ఊచలతో కొత్త పంజరం తెచ్చాడు. దాంట్లో చప్పుడు ఇంకా కమ్మగా మోగింది.

చివరికి పశువుల డాక్టరమ్మ ఇంటికొచ్చింది. కుందేళ్ళ నోళ్ళు తెరిచి చూసింది. "పళ్ళు ఒక్కటీ అరగలేదే."

"మేలుజాతి కదండీ," అన్నాడు మొగుడు గర్వంగా, అవి తన కడుపున పుట్టినట్టు.

డాక్టరమ్మ ఊచల మీద వేలు రాసి చూసింది. మంచం చూసింది. ఉతికిన చీరలు గుట్టగా పోసి ఉన్న కుర్చీ చూసింది. "రోజులో ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"అన్నం పెట్టడానికి నేను వస్తాను. ఆకులు వెయ్యడానికి పాప వస్తుంది," అంది కోడలు.

"సరే. మందు చెబుతాను. రోజూ సాయంత్రం ఒక గంట అందరూ ఇక్కడే కూర్చోండి. ఫోన్లు బయట పెట్టండి. కుందేళ్ళని పలకరించనక్కర్లేదు, మీలో మీరు మాట్లాడుకోండి చాలు."

"ఇదేం వైద్యమండీ?"

"తోడు లేనప్పుడు చేసే అల్లరి ఇది. తోడుంటే పోతుంది," అంది డాక్టరమ్మ.

మొదటిరోజు నలుగురూ బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా కూర్చున్నారు. రెండోరోజు అత్తగారు మాట కలిపింది. పన్నెండంతస్తుల లిఫ్టుని ఆడించే ఈ మొనగాడు చిన్నప్పుడు నిచ్చెన రెండో మెట్టెక్కి దిగలేక ఎంత ఏడ్చాడో చెప్పింది. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. మొగుడు "అమ్మా, ఊరుకో," అంటూనే మిగతాది తనే చెప్పాడు. కరకర ఆ రోజుతో ఆగిపోయింది. పది రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కోడలు గొంతు ఎంతో హాయిగా ఉందని ఎవరో ఖాతాదారు మెచ్చుకున్నాడు కూడా.

పదకొండో రోజున మొగుడు, "రోగం తగ్గాక మందెందుకు?" అని టీవీ ముందుకి వెళ్ళాడు. కోడలికి బట్టలు మడతపెట్టే పని గుర్తొచ్చింది. మనవరాలికి పరీక్షలు గుర్తొచ్చాయి.

పన్నెండో రోజు పొద్దున్నే, కోడలు ఎవరికో పాలసీ వివరాలు చెబుతుండగా, గోడ అవతల కరకర మొదలైంది. మూడో ఫిర్యాదు మధ్యాహ్నానికల్లా వెళ్ళింది. ఆమె బతిమాలితే అధికారిణి ఒక్క వారం గడువిచ్చింది.

"వీటిని డాక్టరమ్మకి ఇచ్చేద్దాం," అంది కోడలు. మనవరాలు ఏడ్చి అన్నం మానేసింది. మొగుడు తన లావు ఊచల పంజరం వృథా అయిందని బాధపడ్డాడు.

అత్తగారి మొహం మాత్రం పాలిపోయింది. "పంపకే అమ్మాయ్. నోరులేనివి. వాటి తప్పేం లేదు. ఇక చప్పుడు రాదు, పూచీ నాది."

"కుందేళ్ళకి మీరు పూచీ ఉండటమేమిటత్తయ్యా?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలు కుందేళ్ళని బుట్టలో పెట్టి, ఖాళీ పంజరాన్ని పెరట్లోకి ఈడ్చింది. ఇచ్చేముందు ఒకసారి కడుగుదామని తడిగుడ్డ తీసుకుంది. ఇంతలేసి ఇనుముని ఎంత కొరికేశాయో చూద్దామని లోపలికి చెయ్యి పెట్టి ఒక్కో ఊచా తడిమింది. ఎక్కడా గరుకు తగల్లేదు, రంగైనా పోలేదు. అనుమానమొచ్చి, వెలుతురుకి తిప్పి ఇవతల నుంచి చూసింది.

గాట్లన్నీ బయటివైపే ఉన్నాయి.