దుఃఖానికి తెరుచుకోని తలుపు

విశాఖలో సముద్రం ఇప్పుడు హోటళ్ల పెరట్లో ఉంది. గది తీసుకున్నవాడికే ఇసుక మీదికి దారి. అందుకే లచ్చునాయుడు భార్య అస్థికల కుండతో ఆ ఖరీదైన గదిలో దిగాడు. తోడు మరదలు వరాలు వచ్చింది. పొద్దు వాలేలోగా అస్థికలు కలపాలి.

అద్దాల తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నాయుడుగారూ, మీరు దుఃఖంలో ఉన్నారు," అంది గది, తియ్యటి గొంతుతో. "మనసు కుదుటపడేదాకా మిమ్మల్ని నీళ్ల దగ్గరికి పంపలేను. నిమ్మరసం తెప్పించనా?"

నాయుడు తలుపును భుజంతో గుద్దాడు. అది కదల్లేదు. బయట ఎండ ఎర్రబడుతోంది.

"బావా, పక్కగదాయన పెళ్లాన్ని తిట్టుకుంటా బయటికెల్లిపోనాడు," అంది వరాలు. "ఇది ఏడుపునే ఆపుద్ది, కోపాన్ని ఆపదు. నీకొచ్చిన ఇద్దె అదొక్కటే కదా. అక్కని ఎప్పట్లాగే తిట్టు."

నాయుడు కుండకేసి చూశాడు.

"ఒలే నూకరత్నం! ఒక్కనాడైనా కూరలో ఉప్పు సరిగ్గా ఏసినావేటే? ఆస్పత్రికి పదమంటే ఇన్నావేటే?"

తలుపు జరిగింది. అంతలో నాయుడి గొంతు వణికింది. తలుపు సగంలో ఆగిపోయింది.

"అక్క నవ్వుతాది బావా, గట్టిగా తిట్టు!"

"ముందుగా పోయి గెలిచేసినాననుకుంటన్నావా, మొండిదానా!"

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఇసుక చివర ఇంకో గేటు. అది దాటేదాకా తిడుతూనే నడిచాడు.

మోకాళ్ల లోతు నీళ్లలో తలుపులేమీ లేవు. నాయుడు తిట్టడం ఆపేశాడు.