వంతెన మీద వాన

పెద్దాయన కూతుర్ని చేసుకోవాలంటే ఉద్యోగం, ఆస్తి, అందం ఏవీ అక్కర్లేదు. ఆయన చూపించే సినిమా చూసి నిలబడితే చాలు.

పెద్దాయన ఫిల్మ్ క్లబ్బు అధ్యక్షుడు. పాతికేళ్లుగా ముందు వరసలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంటాడు. తెర వెలుగు ఆయన కళ్లకు పడదట. సినిమా అయ్యాక అందరి మాటలూ విని, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు. దానికి క్లబ్బంతా వణుకుతుంది.

ఇప్పటికి ఇద్దరు పెళ్లికొడుకులు ఈ పరీక్ష తప్పారు. మొదటివాడు "ఫైటింగ్ ఎప్పుడండీ?" అన్నాడు. రెండోవాడు సినిమా అంతా కళ్లార్పకుండా చూసి, ఆనక ఒక సీను గురించి పెద్దాయనతోనే వాదించాడు. "వాడికి చూపే లేదమ్మా" అని తేల్చేశాడు పెద్దాయన. కానీ ఆ రోజు నుంచి ఆయన మనసు మనసులో లేదు.

మూడోవాడు లిఫ్టు మెకానిక్. అమ్మాయి మనసుపడ్డది ఇతణ్నే. అందుకే ఆ జపాన్ గ్యాంగ్‌స్టర్ సినిమా తను ముందే రెండుసార్లు చూసి, అతనికి పాఠం చెప్పింది.

"నారింజ అంటే పశ్చాత్తాపం. బస్సు అంటే చావు. గుర్తుపెట్టుకో."

"బస్సంటే బస్సు కాదా?"

"నోరు మూసుకుని చూడు. నిద్రపోయావో, మన పెళ్లి అయినట్టే!"

సినిమా మొదలైంది. ముసలి గ్యాంగ్‌స్టర్ బస్టాపులో కూర్చున్నాడు. తను చంపాల్సినవాడు బస్సులో వస్తాడు. ఈలోగా నారింజపండు ఒలిచాడు. తొమ్మిది నిమిషాలు ఒలిచాడు. బస్సొచ్చింది. ఆయన లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. ఇంకో నారింజ తీశాడు.

రెండో నారింజకి మెకానిక్ తల వాలిపోయింది. అమ్మాయి గిల్లింది, మోచేత్తో పొడిచింది. లాభం లేకపోయింది.

లైట్లు వెలిగాయి. అందరూ టీ కప్పులు పట్టుకుని గుండ్రంగా కూర్చున్నారు.

"ఆ తొక్క మన అహంకారం," అన్నాడు పళ్ల డాక్టరు.

"మరి గింజల మాటేమిటి?" అంది లైబ్రేరియన్ కళ్లు తుడుచుకుంటూ.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అందరూ కప్పులు కింద పెట్టారు.

"బాబూ, వానలో వంతెన మీద ఆయన కత్తి కడుగుతాడే, అక్కడ నీకేమనిపించింది?"

అమ్మాయి చటుక్కున మెకానిక్ వైపు తిరిగింది. సినిమాలో వంతెన లేదు. వాన లేదు. కత్తి అసలే లేదు. నాన్న ఉచ్చు పన్నాడు! లేదని చెప్పమన్నట్టు కంగారుగా తల అడ్డంగా ఊపింది. నాన్చొద్దంటోంది అనుకున్నాడు మెకానిక్.

"ఏడుపొచ్చేసిందండీ. ఆ వాన ఇంకాసేపు కురిస్తే బాగుండనిపించింది."

"నాకూనూ!" అన్నాడు పళ్ల డాక్టరు.

"ఆ వంతెన కోసమైనా మళ్లీ చూడాలి," అంది లైబ్రేరియన్.

పెద్దాయన మెల్లగా నల్లకళ్లద్దాలు తీశాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "పాపం, ఎంత ఏడ్చారో!" అని క్లబ్బంతా కరిగిపోయింది. ఆయన లేచి మెకానిక్‌ని గట్టిగా కౌగలించుకున్నాడు.

"ఇక పెళ్లి మాటలు మాట్లాడుకుందాం అల్లుడూ!"

అమ్మాయికి తల తిరిగిపోయింది. తండ్రిని పక్కకి లాక్కెళ్లింది.

"అతన్ని ఎలా ఒప్పుకున్నావు నాన్నా?"

పెద్దాయన అటూ ఇటూ చూసి, గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలి, కూతురి చెవిలో అన్నాడు:

"హమ్మయ్య, అయితే ఆ వంతెన నాకు కలలో వచ్చింది కాదన్నమాట!"