ఫ్యాను డబ్బా దొంగ

దొంగ సినిమాను వదిలేసి, డబ్బాను పట్టుకుపోయాడు.

సోమవారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లోని ఎడిటింగ్ రూములో బీరువా తెరిచిన ఎడిటర్ మనోజ్ఞకు ఏమనుకోవాలో తోచలేదు. సినిమా మొత్తం ఉన్న హార్డ్ డిస్కును ఎవరో ఉతికిన తువ్వాలులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, పై అరలో పడుకోబెట్టారు. దాన్ని లోపల పెట్టి చల్లగా ఉంచే ఫ్యాను డబ్బా మాత్రం లేదు.

ఆ డబ్బా కోసం ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నిర్మాత వీరరాఘవయ్యకు రెండో కాపీ అంటే గిట్టదు. కాపీ ఉంటే లీకవుతుందని ఆయన భయం. అందుకని సినిమా అంతా ఆ ఒక్క డిస్కులోనే ఉంది. అంతకుముందు దాన్ని పెట్టిన ప్లాస్టిక్ డబ్బా కాసేపు పనిచేస్తే చాలు, ఇస్త్రీపెట్టెలా కాలేది. పాట మధ్యలో డిస్కు కంప్యూటర్లోంచి మాయమైపోయేది. ఇంటర్వెల్ దాకా మనోజ్ఞ ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ, ఇంకో చేత్తో ఎడిటింగ్ చేసింది.

చివరికి శ్రీకాంత్‌ను సలహా అడిగింది. అతను షేక్‌పేటలో మరో సినిమాకు ఎడిటింగ్ అసిస్టెంటు. ఆ సినిమా, వీళ్ల సినిమా ఒకే శుక్రవారం విడుదలవుతున్నాయి. అయినా డబ్బాల సంగతి అతన్నే అడగాలని అందరూ చెప్పారు.

"ప్లాస్టిక్‌ది వద్దు మేడం. అల్యూమినియంది తీసుకోండ్రి, వేడిని బయటికి గుంజుతది. ఎనక ఫ్యాన్ ఉండాలె, అది జర పెద్దదే చూడండ్రి. చిన్నదైతే ఈగ లెక్క చెవుల మోగుతది. కరెంటుకు దాని అడాప్టర్ దానికే ఉండాలె, లేకుంటే మధ్యల బంద్ పడతది" అన్నాడు శ్రీకాంత్. తనే వెంట వెళ్లి షాపులో ఆఖరి పీసు ఇప్పించాడు కూడా. ఆ రోజు నుంచి డిస్కు చల్లగా, బుద్ధిగా పనిచేసింది.

ఇప్పుడు ఆ డబ్బాయే పోయింది.

కబురందుకుని వీరరాఘవయ్య జూబ్లీహిల్స్ నుంచి లుంగీతోనే కారెక్కి వచ్చాడు. తువ్వాలు విప్పి డిస్కును చూసుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

"సినిమాని కాపీ చేసుకుని ఉంటాడమ్మా. మనకి అనుమానం రాకూడదని డిస్కు వదిలేశాడు" అన్నాడు.

"మరి డబ్బా ఎందుకు తీసుకెళ్లాడండీ?"

ఆయన ఆలోచించాడు. "వేలిముద్రలు" అన్నాడు. ఆయన తీసినవన్నీ క్రైమ్ సినిమాలే. "ఈ సంగతి ఎవరికీ చెప్పకు. వాచ్‌మన్‌కి కూడా చెప్పకు. బయటికి పొక్కితే మన పని అయిపోయినట్టే."

మనోజ్ఞ మళ్లీ ప్లాస్టిక్ డబ్బా, విసనకర్ర తీసింది. మిగతా సమయమంతా ఇంటర్నెట్‌కి కాపలా కాసింది. మొదట్లో వీరరాఘవయ్య వణుకుతూ ఫోన్ చేసేవాడు.

"ఏమ్మా, ఎక్కడన్నా లీకైందా?"

"లేదండీ."

రోజులు గడిచేకొద్దీ ఆయన గొంతులో భయం తగ్గి, ఇంకేదో చేరింది.

"సరిగ్గా చూశావా? పోనీ, పాట?"

"లేదండీ."

"ఫైటు కూడా పెట్టలేదా ఎవరూ?"

"లేదండీ."

"అంత కష్టపడి దొంగిలించాడు కదమ్మా" అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

ఇక మనోజ్ఞ ఉండబట్టలేకపోయింది. నిర్మాత మాట పక్కన పెట్టి వాచ్‌మన్ బాలనర్సయ్య దగ్గరికి వెళ్లింది. డబ్బా పోయిన ఆదివారం ఎవరైనా వచ్చారా అని అడిగింది.

"శ్రీకాంత్ సార్ వచ్చిండు గదమ్మా. డబ్బల ఫ్యాన్ రిపేరుకు మీరే పంపిన్రన్నడు, తాళం తీసి ఇచ్చిన. పొద్దుగాల సంచిల పెట్టుకొని పోయిండు, సాయంత్రం తెచ్చి లోపల పెట్టిండు. తువ్వాల గూడ నన్నే అడిగిండు, ఉతికింది ఉంటే ఇయ్యిమన్నడు" అన్నాడు బాలనర్సయ్య.

మనోజ్ఞ చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే ఆటో ఎక్కింది.

షేక్‌పేటలో శ్రీకాంత్ రూములోకి ఆమె అడుగుపెట్టేసరికి, బల్ల మీద ఆ డబ్బా ఫ్యాను మెత్తగా తిరుగుతోంది. ఆమెను చూసి అతను లేచి నిలబడ్డాడు. దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"డబ్బా నేనే తీసిన మేడం. షాపులన్నీ తిరిగిన, గిటువంటిది మళ్ల దొరకలే."

"డబ్బా కోసం దొంగతనానికి వచ్చావా?"

"కాదు మేడం. మా ప్రొడ్యూసర్ రవిచంద్ర సార్ పంపిండు. మీ సినిమాను ఎత్తుకరమ్మన్నడు. మీది ఆగిపోతే మాకు పోటీ ఉండదని ఆయన ఆలోచన."

"ఆయన సినిమా చూశాడా?"

"మొదటి నుంచి ఆఖరు దాకా చూసిండు. నడుమ చాయ్ గూడ తాగలే."

ఆమె దగ్గరలో ఉన్న కుర్చీలో కూలబడింది. నెలల తరబడి చెమటోడ్చి కూర్చిన సినిమా. శత్రువు చేతికి చిక్కింది, మొత్తం చూశాడు, దాచుకోనూ లేదు, పాడుచేయనూ లేదు. అంత బాగా నచ్చిందేమో. సాటి సినిమావాడికి మనసు ఒప్పలేదేమో. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"మరి ఎందుకు తిరిగి పంపించాడు?" అంది మెల్లగా.

శ్రీకాంత్ తల వంచుకున్నాడు.

"ఏమనుకోవద్దు మేడం. 'దీనికి ఒక్క గీత గూడ పడనీయకు, భద్రంగ తీస్కపోయి ఎక్కడిదక్కడ పెట్టు. పక్క థియేటర్ల ఇది ఆడుతుంటేనే జనం మన సినిమాకు వస్తరు' అన్నడు."