కాటా మీద మనిషి

నేను నిజం చెబితే మా అమ్మ కూడా ముగ్గురు సాక్షుల్ని అడుగుతుంది. అనకాపల్లిలో నా పేరు అలాంటిది.

ఆ రాత్రి బెల్లం గోదాములో ఒక్కణ్ణే కూర్చున్నాను. కొత్త కాటాకి నేను చేసిన సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో ఏఐ చేత డాక్యుమెంట్ రాయిస్తున్నాను. కోడ్ మధ్యలో సరదాకి ఒక కామెంట్ పెట్టాను: ‘రాత్రిళ్లు కాటా ఆపొద్దు. పైన ఒకాయన నిలబడి ఉంటాడు.’ ఏఐ దాన్ని నమ్మేసి, జాగ్రత్తల్లో చేర్చింది. పుట్టి బుద్ధెరిగాక నా మాట నమ్మింది అదొక్కటే. నవ్వుకున్నాను. తర్వాత ఎందుకో సిగ్గేసింది. కామెంట్ చెరిపేసి, మొత్తం మళ్లీ రాయించాను.

ఆ మాట మళ్లీ వచ్చింది. కింద ఇంకోటి కూడా: ‘ప్రస్తుతం ఆయన బరువు అరవై ఒక్క కిలోలు.’

తలెత్తి చూశాను. కాటా మీద ఏమీ లేదు. ఎర్ర అంకెలు మాత్రం అరవై ఒకటి చూపిస్తున్నాయి.

రాత్రి కాపలాకి వచ్చే నానాజీకి వెంటనే ఫోన్ చేశాను.

“బావా, ఈ రేత్రికి రాకు. కాటా మీద ఎవడో ఉన్నాడు.”

“ఉండనీ. టీ తెత్తన్నాను, ఆడికీ ఓ గ్లాసు పోత్తాను.”

“మా అమ్మ మీద ఒట్టు బావా!”

“మొన్నా అలాగే ఒట్టేసేవు కదేటి? గేటు కాడికి వచ్చేసేను, ఉండు.”

బయట గేటు కిర్రుమంది.

కాటా మీద అంకెలు ఒక్కసారి ఊగి, సున్నాకి వచ్చి ఆగాయి.