పికిలిపిట్ట పొద్దుటి కబుర్లు

ఒక అడవిలో, వాగు ఒడ్డున రేగుచెట్టు మీద ఒక పికిలిపిట్ట ఉండేది. ఎక్కడ పళ్లు పండాయో, ఏ దారిన పాము తిరుగుతోందో రోజూ పొద్దున్నే కబుర్లుగా చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు అడవంతా వచ్చి కూర్చుంది. నెల తిరిగేసరికి మిగిలింది ముసలి తాబేలు ఒక్కటే. అది కూడా సగంలో కునికిపాట్లు పడేది.

పిట్టకి దిగులేసింది. నలుగురూ మెచ్చుతారని ఒకరోజు గొంతు మార్చి చిలకలా పలికింది. తాబేలు కూడా లేచి వెళ్లిపోయింది. మర్నాడు పిట్ట నోరు విప్పలేదు.

పొద్దెక్కాక పొదలోంచి ఒక కౌజుపిట్ట కుంటుకుంటూ వచ్చింది. పికిలిపిట్ట దాన్ని ఎన్నడూ చూడలేదు.

"ఒంట్లో బాగాలేదా చెల్లీ?" అని అడిగింది కౌజు.

"బాగానే ఉన్నానక్కా. వినేవాళ్లే లేరు, ఎవరికి చెప్పను?"

"కాలు విరిగి నేను ఇన్నాళ్లూ ఆ పొద దాటలేదు. రోజూ నీ మాట విన్నాకే పిల్లల్ని మేతకి పంపుతున్నాను. ఇవాళ నువ్వు పలకలేదు. పాము ఎటుందో తెలియక పంపలేదు. ఆకలికి ఏడుస్తున్నారు."

పికిలిపిట్టకి సిగ్గేసింది. "పాము పుట్ట వైపుంది. వాగు వైపు పంపక్కా," అంది తన మామూలు గొంతుతోనే.

ఆనాటి నుంచి ఎండైనా వానైనా కబుర్లు ఆగలేదు. చెట్టు కింద ఎవరూ లేని రోజున పిట్ట ఇంకాస్త గట్టిగా చెప్పేది, పొదల్లోకి కూడా వినపడాలని.